వెనకగది కోసం ఒక పడవ

ఆదివారం పొద్దున్నే లేవాలి. ఇంట్లో ఎవరితోనూ గొడవ పడకూడదు. పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర పడవ ఇంజను ఒక్కసారి తిప్పి చూసుకోవాలి. తరవాత తీరిగ్గా చెరువుకి వెళ్ళి, తోడల్లుడి పడవని ఓడించి, భోజనాల వేళకి ఇంటికొచ్చెయ్యాలి. ఇదీ ఆవగింజ గారి పథకం. పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే ఆ గొడవ పడకపోవడం అన్నది ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క పూట కూడా సాధించిన పని కాదు.

అసలు పేరు ఆయనకీ ఒకటి ఉంది గానీ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. మనిషి పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. కాస్త వేడి తగిలితే చాలు, చిటపటలాడి ఎగిరి ఎక్కడ పడతాడో ఆయనకే తెలియదు. అందుకని ఎవరో పెద్దమనిషి ఆవగింజ అన్నాడు, అదే ఖాయమైపోయింది. ఆ పెద్దమనిషి ఎవరో పట్టుకోవాలని ఆయన చాలాకాలం వెతికాడు. పట్టుకుని ఉంటే ఇంకో కథయ్యేది.

వృత్తి రబ్బరు స్టాంపులు చెక్కడం. బజారు మలుపులో ఒక కుర్చీ పట్టేంత కొట్టు. ఆ పనికి యంత్రాలొచ్చి చాలాకాలమైనా ఆయన మాత్రం చేత్తోనే చెక్కుతాడు. పల్చటి కాగితం మీద అక్షరాలు రాసుకుని, ఆ కాగితాన్ని బోర్లించి రబ్బరు మీద అతికించి, వెనకనుంచి కనబడే గీత వెంట కత్తి నడుపుతాడు. అక్షరం తిరగబడి పుడితేనే ముద్ర తిన్నగా పడుతుంది. పెళ్ళికి ముందునుంచీ ఇదే పని, ఇదే చెయ్యి. ఈ పనిలో ఆయన్ని మండించే సంగతి ఒకటుంది. వచ్చిన ప్రతివాడూ చెప్పేవాడే. అక్షరం లావు చెయ్యమనేవాడొకడు, అంచు సన్నం చెయ్యమనేవాడొకడు, సంతకానికి చోటు చాల్లేదని తిరిగొచ్చేవాడు మరొకడు. రోజంతా ఊళ్ళోవాళ్ళ మాటలు ఊళ్ళోవాళ్ళు చెప్పినట్టు చెక్కి ఇంటికొచ్చిన మనిషికి, ఎవరూ ఏమీ చెప్పని చోటు ఒక్కటైనా ఉండొద్దా? ఉంది. అది ఆయన ఇంట్లో వెనకగది.

ఆ గదిలో ఆయన పడవ కట్టాడు. ఎక్కి కూర్చునే పడవ కాదు. ఒడ్డున నిలబడి, చేతిలో రిమోటు పట్టుకుని తోలే పెట్రోలు పడవ. నిలబెడితే మనిషి నడుం దాకా వస్తుంది, నీళ్ళలో వదిలితే కళ్ళు దాని వెంట పరిగెత్తలేవు. ఎవరో పారేసిన గడ్డి కోసే మిషను ఇంజను తెచ్చి, విప్పి, కడిగి, వేడెక్కకుండా చెరువు నీళ్ళే చుట్టూ తిరిగేలా గొట్టం అమర్చి, పడవ నడుమ కూర్చోబెట్టాడు. ప్లైవుడ్డు కోసి పక్కటెముకలు కట్టాడు. మీద ఫైబర్‌గ్లాసు అనే గాజునార గుడ్డ పరిచి, జిగురు పూసి, ఎండాక గరుకు కాగితంతో అద్దంలా రుద్దాడు. ఆ జిగురు కంపుకి గదిలోకి బల్లులు కూడా రావడం మానేశాయి. ఆయనకి అదీ సంతోషమే, బల్లులు కూడా సలహా చెప్పవని ఏముంది?

ఇంతకీ ఈ పడవ పిచ్చి ఎక్కించింది తోడల్లుడు. ఆయన భార్య చెల్లెలి మొగుడు. బీమా ఏజెంటు. ఎంత తిట్టినా నవ్వుతూనే ఉంటాడు, ఆవగింజ గారికి ఒళ్ళుమండేది అక్కడే. పళ్ళ డాక్టరు ఒకాయన ఊరి చివర చెరువు దగ్గర పడవల సంఘం ఒకటి పెడితే, తోడల్లుడు అందులో చేరి, దుకాణంలో ఎర్రటి పడవ ఒకటి కొనితెచ్చుకున్నాడు. ఆవగింజ గారు తానైతే కొనననీ సొంతంగా కట్టుకుంటాననీ అన్నాడు. అన్న మాటకి కట్టుబడి నెలల తరబడి ఆ గదిలోనే పడున్నాడు. ఒకరోజు తోడల్లుడి ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆ తోడల్లుడే చాలా ప్రేమగా అన్నాడు.

"ఎందుకన్నయ్యా ఇంత అవస్థ? డబ్బా విప్పితే పడవ వచ్చేస్తుంది కదా."

అంతే, ఆవగింజ గారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కొన్నవాడికీ కట్టినవాడికీ తేడా చెప్పాడు, బీమా వ్యాపారం గురించి తన అభిప్రాయం చెప్పాడు, తోడల్లుడి పడవని నీళ్ళలో తేలే ప్లాస్టిక్ మగ్గు అన్నాడు. అందరూ తినడం ఆపేశారు. ఒక్క ఆయన భార్య మాత్రం తింటూనే ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. కుట్టుమిషను పడగ్గదిలో ఉంది, కత్తిరించిన గుడ్డలు మంచం మీద ఉంటాయి, గుండుసూదులు ఎక్కడుంటాయో పడుకున్నాక తెలుస్తుంది. వెనకగదికి పెద్ద కిటికీ ఉంది, మంచి వెలుతురుంది, ఆ గది ఇమ్మని ఆవిడ అడగని వారం లేదు. ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి కూర్చుని, నిమ్మళంగా మాట్లాడింది.

"ఆదివారం పందెం ఉందిగా. మరిదిగారి పడవకంటే మీ పడవ ముందు చేరితే ఆ గది జోలికి నేను మళ్ళీ రాను. చేరలేదనుకోండి, సోమవారం నా మిషను అందులోకొస్తుంది. సరేనా?"

"సరే. కావాలంటే స్టాంపు వేసిస్తాను."

కోపంలో ఇచ్చిన మాట అది. కోపంలో ఆయన చాలా మాటలిస్తాడు గానీ ఇలా పదిమంది ముందు, అందులోనూ తోడల్లుడి ముందు ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే ఇంక వీధిలో తలెత్తుకు తిరగలేడు. ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. గది పోతే తన బతుకేమిటి? పొద్దున కొట్టులో ఊరివాళ్ళు చెప్పింది చెక్కడం, సాయంత్రం ఇంట్లో గుండుసూదుల మధ్య కూర్చోవడం. ఇంతేనా?

అలా ఆదివారం వచ్చింది. ఆవగింజ గారు లేచి, గొడవ పడకూడదని తనకి తానే చెప్పుకుంటూ వెనకగదిలోకి వెళ్ళేసరికి అక్కడ భార్య టేపు పట్టుకుని కిటికీ కొలుస్తోంది. పందెం ఇంకా మొదలవలేదు. పడవ ఇంకా గుమ్మం దాటలేదు. ఏమిటిదని ఆయన అరిచాడు. ఊరికే కొలిచానంది ఆవిడ, కొలిస్తే అరిగిపోదుగా అంది. పుండుమీద కారం చల్లినట్టయింది ఆయనకి. పడవని చంకలో ఇరికించుకుని విసురుగా పెరట్లోకి నడిచాడు.

తొట్టిలో పడవ పెట్టి, పెట్రోలులో నూనె కలిపి పోసి, ఇంజను తాడు లాగాడు. పలకలేదు. ఇంకోసారి లాగాడు, తుమ్మింది. మూడోసారి భార్య కొలతల టేపుని తలుచుకుని లాగాడు. ఇంజను ఒక్కసారిగా గర్జించి, నల్లటి పొగ కక్కి, పెరడంతా కమ్మేసింది. ఆ పొగ పైకెక్కి పైవాటా ఆవిడ కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. కింద ఇల్లు తగలబడుతోందనుకుందావిడ. తప్పు ఆవిడది కాదు. ఎవరైనా అదే అనుకుంటారు. బక్కెట్టు తీసుకుని మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, పొగ ఎక్కడ చిక్కగా ఉందో చూసి, గురి తప్పకుండా అక్కడే పోసింది. ఇంజను చచ్చిపోయింది. తొట్టి పక్కన తల నుంచి నీళ్ళు కారుతూ ఆవగింజ గారు కనబడ్డాడు.

"బతికే ఉన్నారా?" అందావిడ.

ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయడం కుదరదు. సాయం చెయ్యబోతే ఇదా మర్యాద అని ఆవిడ అంది, నీ సాయం పాడుగాను అని ఈయన అన్నాడు. ఆవిడ ఖాళీ బక్కెట్టుని ఆయన కాళ్ళ దగ్గర విసిరేసి పైకి వెళ్ళిపోయింది. ఆ గొడవలో బోలెడంత సమయం పోయింది. పెద్ద నష్టం ఏమిటంటే, పడవలో రిమోటు మాట వినే చిన్న పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. అంతా విప్పాల్సొచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి ఒక్కొక్క ముక్కా ఆరబెట్టి, తిట్టుకుంటూ మళ్ళీ బిగించాడు. చుక్కాని కడ్డీ తగిలించి, పడవ ముక్కు తనవైపుండగా ఎదురుగా గొంతుక్కూర్చుని, రిమోటు చక్రం కుడికి తిప్పాడు. చుక్కాని తన కుడివైపుకే జరిగింది. బాగానే ఉందనుకున్నాడు. ఎదురుగా కూర్చున్నవాడి కుడి పడవకి ఎడమవుతుందని ఎవరికైనా తడుతుంది. వస్తువుని అవతలివైపునుంచి చూడ్డమే జీవితమైన మనిషికి తట్టలేదు.

ఇదొక్కటే అయితే సర్దుకునేదేమో. పడవ అడుగున, తోక దగ్గర, ఒక పక్కకి ఉక్కురేకు ఒకటి ఉంటుంది. పడవ వేగంగా మలుపు తిరిగేటప్పుడు అది కత్తిలా నీళ్ళని పట్టుకుని పక్కకి జారిపోకుండా ఆపుతుంది. ఏవైపు మలుపు తిరగాలో ఆ వైపున ఉండాలి. చెరువులో పందేలన్నీ కుడివైపు మలుపులే, గడియారం ముల్లు తిరిగినట్టు. ఈ సంగతి ఆవగింజ గారికి తెలియక కాదు. పడవ కట్టేటప్పుడు కాగితం మీద రేకుని శుభ్రంగా కుడివైపే గీశాడు. గీసి, అలవాటైన చేత్తో ఆ కాగితాన్ని బోర్లించి చెక్కమీద అతికించి, వెనకనుంచి కనబడే గీత వెంట కోశాడు, రేకు కాస్తా ఎడమవైపు పడింది. అప్పుడు భార్య గుమ్మంలో నిలబడి చూసి, కాగితం మంచివైపు కిందకి పోయిందండీ అని చెప్పింది కూడా. నా పని నాకు నేర్పకు అని ఆయన తలుపేసుకున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకూడని గది కదా అది.

చెరువు దగ్గరికి చేరేసరికి అందరూ సిద్ధంగా ఉన్నారు. పళ్ళ డాక్టరు తన పడవని నీటి అంచున ఉంచి, తెల్లటి టోపీ పెట్టుకుని అధ్యక్షుడి హోదాలో ఈల పట్టుకు తిరుగుతున్నాడు. టైర్ల కొట్టు నడిపే అన్నదమ్ములిద్దరూ చెరో పడవా తెచ్చారు. తోడల్లుడు తన ఎర్రపడవని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ఆవగింజ గారి తల ఇంకా తడిగా ఉండడం చూసి, స్నానం చేసి రావడం మంచిదేనన్నయ్యా అన్నాడు. తరవాత వంగి ఈయన పడవ అడుగు చూసి, మొహం కాస్త చిట్లించి, మా అందరి పడవలకీ ఈ రేకు అటువైపుంటుందే అన్నాడు. పాపం, మంచికే చెప్పాడు. ఆవగింజ గారికి మాత్రం ఆ మాట చెవిలో సీసం పోసినట్టుంది.

"మీవి కొన్నవి. ఇది కట్టింది. నోరుమూసుకుని నీ మగ్గు తుడుచుకో."

భార్య గట్టుమీద రాతిమెట్లపై గొడుగేసుకుని కూర్చుంది. ఆవిడ చేతి సంచిలోంచి టేపు చివర కనబడుతూనే ఉంది. ఆయన అటు చూడకూడదనుకుంటూనే రెండుసార్లు చూశాడు. ఇవాళ ఓడితే రేపు ఈ పాటికి తన బల్ల వరండాలో ఉంటుంది. అది తలుచుకుని రిమోటు అందుకున్నాడు. ఆ రిమోటుకి ఒక పక్క చక్రం, చూపుడువేలి దగ్గర తుపాకీకి ఉన్నట్టు మీట. మీట ఎంత నొక్కితే పడవకి అంత వేగం. వదిలితే నెమ్మదిస్తుంది. అంతకంటే తేలికైన యంత్రం ఇంకోటి లేదు. అయితే కోపమొస్తే ఆవగింజ గారి పిడికిళ్ళు బిగుసుకుంటాయి.

ఈల మోగింది. అయిదు పడవలూ ఒక్క ఊపున దూకాయి. చెప్పుకోవాలంటే న్యాయంగా చెప్పాలి, ఆవగింజ పడవ అద్భుతంగా దూకింది. నీళ్ళని తాకీతాకనట్టు, వెనక నిలువెత్తు తెల్లటి జల్లు లేపుకుంటూ, మొదటి మలుపు గుర్తు చేరేలోపే ఎర్రపడవని అర పడవ దూరం దాటేసింది. ఆవగింజ గారికి ఆ క్షణాన ఒళ్ళంతా ఆనందమే. మలుపొచ్చింది. చక్రం కుడికి తిప్పాడు.

పడవ ఎడమకి తిరిగింది. ఎడమంటే ఒడ్డు. మెట్లమీద కూర్చున్నవాళ్ళు, ఆయన భార్య తప్ప, లేచి పరిగెత్తారు. ఆయన కంగారుపడి చక్రాన్ని ఇంకా కుడికి తిప్పాడు, అది ఇంకా ఎడమకి తిరిగింది. ఒడ్డుకి బెత్తెడు దూరంలో గిర్రున మలుపు కొట్టి, అందరిమీదా నీళ్ళు చల్లి, వచ్చిన దారినే వెనక్కి పట్టింది. ఎదురుగా నాలుగు పడవలు మొదటి చుట్టు పూర్తిచేసుకుని వరసగా వస్తున్నాయి.

"వేలు తియ్యండి, వేలు తియ్యండి," అని పళ్ళ డాక్టరు అరిచాడు. తోడల్లుడూ అదే అన్నాడు. టైర్ల కొట్టు అన్నదమ్ములూ అదే అన్నారు. పైన గట్టుమీద దారినపోయేవాళ్ళు కూడా ఆగి, విషయమేమిటో తెలియకపోయినా వేలు తియ్యమని సలహా చెప్పారు. ఇంతమంది ఒక్కసారి చెబితే ఆవగింజ గారు ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? కొట్టులో చెబుతారు, ఇంట్లో చెబుతారు, చివరికి చెరువుగట్టున కూడా చెబుతున్నారు. ఆయన మొహం జేవురించింది. పిడికిలి బిగుసుకుంది. వేలు మీట మీద ఇంకా లోపలికి దిగింది. వాళ్ళు అరిచినకొద్దీ ఆయనకి మండింది, ఆయనకి మండినకొద్దీ పడవకి వేగమొచ్చింది.

పళ్ళ డాక్టరు పడవ భయపడి పక్కకి తప్పుకుని తుంగలోకి దూరి, ఎక్కడో లోపల ఫెళ్ళుమంది. అన్నదమ్ముల పడవలు రెండూ ఒకదాన్ని కాపాడబోయి ఒకటి, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. తప్పు నీదంటే నీదని గట్టుమీద అన్నదమ్ములు కూడా కలబడ్డారు. తోడల్లుడు మాత్రం నేర్పరి. మొదటిసారి తప్పించాడు. కానీ ఆవగింజ పడవ చెరువు చుట్టూ ఎదురు తిరిగి మళ్ళీ మొహానికి మొహం వచ్చేసింది. ఎర్రపడవ ఈసారి ఒడ్డువైపు తప్పుకుని, ఎగిరి, రాతిమెట్లెక్కి, ఆవిడ గొడుగు పక్కన ముక్కు చీల్చుకుని ఆగింది. తోడల్లుడి నవ్వు ఆగిపోవడం ఆవగింజ గారు జీవితంలో మొదటిసారి చూశాడు.

ఇక చెరువులో మిగిలింది ఒక్కటే పడవ. ఎదురొచ్చేదేదీ లేదు. ఆవగింజ గారు సంగతి గ్రహించింది అప్పుడే. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. అంటే అంతా బోర్లించి అతికించినట్టుంది. ఆ ముక్క తట్టగానే ఆయన చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. అక్షరాన్ని తిరగేసి చూడ్డంలో ఆయనంతటివాడు ఊళ్ళో లేడు కదా, చెరువొక లెక్కా? చక్రం ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. రేకు కూడా అటువైపే ఉంది కాబట్టి ఎడమ మలుపుల్లో పడవ నీళ్ళని కోసుకుంటూ గీత గీసినట్టు తిరిగింది. మిగిలిన చుట్లన్నీ అలా ఎదురుదారిలోనే పూర్తిచేసి, గమ్యం గీత దాటి, పడవని తెచ్చి ఒడ్డున తన కాళ్ళ దగ్గర ఆపాడు. వేలు తీశాడు. ఎవరూ తియ్యమనలేదు కాబట్టే తీశాడు.

పళ్ళ డాక్టరు తుంగలోంచి బురద ప్యాంటుతో బయటికొచ్చి తీర్పు చెప్పాడు. ఎదురుదారిలో తిరిగిన చుట్లు చెల్లవు. పందెం రద్దు. ఈయన గెలవలేదు. ఇకమీదట సంఘంలో ఉండాలో వద్దో కూడా ఆలోచిస్తాం. ఆవగింజ గారు రిమోటు కింద పెట్టాడు. కోపం కూడా రాలేదు, అది మరీ ప్రమాదం. మెల్లగా భార్యవైపు తిరిగాడు. గది పోయిందని ఆయన మొహంలోనే రాసుంది. ఆవిడ గొడుగు మడిచి, చీలిపోయిన ఎర్రపడవని దాటుకుని కిందకి దిగొచ్చింది.

"పందెం సంగతి మీరూ మీరూ చూసుకోండి డాక్టరుగారూ. నేనన్నది అది కాదు. మరిదిగారి పడవకంటే ముందు చేరాలన్నాను. మరిదిగారి పడవ మెట్లమీదుంది, ఈయన పడవ ఒడ్డుకొచ్చింది. గది ఈయనదే."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గానీ టేపుని సంచి అడుక్కి తోసేసినప్పుడు కళ్ళు కిందకి దించుకుంది. ఆ పెద్ద కిటికీ, ఆ వెలుతురు ఇక ఆవిడవి కావు. ఆవగింజ గారికి అది కనబడింది. కళ్ళు చెమర్చాయి. ఆవిడకేదో చెప్పాలని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తోడల్లుడికి నవ్వు తిరిగొచ్చింది.

"పోన్లెండన్నయ్యా. మాకేముంది, రేపు మళ్ళీ నాలుగు కొనుక్కుంటాం. డబ్బా విప్పితే వచ్చేస్తాయి."

మంచి మాట చెప్పబోయిన నోరు అది. అందులోంచి ఇంకేదో వచ్చింది. "కొనడమేమిటయ్యా కొనడం? విరిగితే పారేసి కొనుక్కోవడమేనా తెలిసింది? నాలుగూ తెచ్చి నా గదిలో పడెయ్యండి. అవి చేసినవాడికంటే గట్టిగా చేసిస్తాను. మీరే వచ్చి కళ్ళారా చూడండి, పడవ ఎలా కడతారో."

భార్య చొక్కా పట్టి లాగి, కాస్త ఆలోచించండి అంది. గది నాది, నువ్వు మాట్లాడకు అన్నాడాయన. ఆవిడ మాట్లాడలేదు. మళ్ళీ ఎప్పుడూ తనంతట తను మాట్లాడలేదు, ఆ గది గురించి.

సోమవారం సాయంత్రం నాలుగు పడవలూ వచ్చాయి. వాటితోబాటు నలుగురు యజమానులూ వచ్చారు, కళ్ళారా చూడమన్నాడు కదా. ఆసుపత్రిలో రోగి పక్కన చుట్టాలు కూర్చున్నట్టు ఎవరి పడవ పక్కన వాళ్ళు కూర్చున్నారు. ఈ అంచు ఇంకాస్త సన్నం చెయ్యండి అన్నాడు తోడల్లుడు. ఇక్కడ లావుగా జిగురు పడిందేమో అన్నాడు పెద్ద టైర్లాయన. చిన్న టైర్లాయన, అన్నయ్య పడవకంటే తన పడవకి గుడ్డ తక్కువ వేశారని అలిగాడు. పళ్ళ డాక్టరు రోగుల పళ్ళు రుద్దే మిషను తెచ్చుకుని, మీరు తప్పుకోండి, ఈ చీలిక నేను పూడుస్తాను, రోజూ చేసేదే అన్నాడు. ఆవగింజ గారు అరిచాడు. అరిచినప్పుడల్లా వాళ్ళు చాలా శ్రద్ధగా విని, తరవాత తాము చెప్పదలుచుకున్నది చెప్పారు.

పడవలు బాగయ్యాయి. మనుషులు మాత్రం కదల్లేదు. పెద్ద కిటికీ, మంచి వెలుతురు, కొట్టు మూసేశాక ఇంటికి పోకుండా ఉండడానికి ఒక చోటు. ఎవరికి చేదు? పైగా ఎడమ మలుపులో ఆ పడవ తిరిగిన తీరు అందరికీ కళ్ళలో మెదులుతూనే ఉంది. తలా ఒక కొత్త పడవ సొంతంగా కట్టాలని అక్కడే తీర్మానించుకున్నారు. తోడల్లుడు నాలుగు కుర్చీలు తెచ్చి వేశాడు. అయిదోది పట్టలేదు. కాగితాలు బోర్లించి అతికించే పద్ధతికి పళ్ళ డాక్టరు తన పేరే పెట్టుకున్నాడు. ఆవగింజ గారి సొంత పడవ, చోటు చాలక, పడగ్గదిలో మంచం కిందకి చేరింది. కొద్దిరోజులకి ఆయనా పడగ్గదికే చేరాడు.

ఒక సాయంత్రం మిషను చప్పుడు మధ్య, గుండుసూదులు ఏరి పక్కన పెట్టి మంచం అంచున కూర్చుని, ఆయన భార్యని బతిమాలాడు. ఆయన బతిమాలడం ఆవిడ ఎప్పుడూ వినలేదు కాబట్టి మిషను ఆపి విన్నది. ఆ గది నువ్వే తీసుకో, ఈ రాత్రికే నీ మిషను అందులో పెట్టేద్దాం, నువ్వు అడిగావంటే వాళ్ళందరూ లేచి పోతారు అని అన్నాడు.

"మీరు గెలుచుకున్న గదండీ. నేనెలా తీసుకుంటాను? మాటంటే మాటే," అందావిడ దారం పళ్ళతో తెంపుతూ. "అయినా నాకు ఇక్కడే హాయిగా ఉంది. పదిమంది మగాళ్ళ గోల లేదు."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. గెలిచినవాణ్ణి గదిలోంచి గెంటేస్తే ఊరుకుంటాననుకున్నారా, ఇవాళ ఒక్కొక్కడి సంగతీ తేలుస్తాను, కుర్చీలు వీధిలో పారేస్తాను అంటూ లేచి, దడదడా నడిచి వెళ్ళి, వెనకగది తలుపు తోశాడు. లోపల గడియ పెట్టుంది. పిడికిలి బిగించి తలుపు బాదాడు. తన ఇంట్లో తన గది తలుపు తను బాదుతున్నానన్న సంగతి గుర్తొచ్చి ఇంకా గట్టిగా బాదాడు. లోపల గుసగుసలు ఆగాయి. కుర్చీ ఒకటి జరిగిన చప్పుడైంది.

"జిగురు ఆరుతోందన్నయ్యా, దుమ్ము పడుతుంది," అని తోడల్లుడి గొంతు చాలా ప్రేమగా వినబడింది, "కాసేపాగి రండి."